అంగారకుడి మీద ఏడు శనివారాలు



గౌతమీ గోదావరి ఒడ్డున, ఆత్రేయపురం మండలంలో ఉంది మా వాడపల్లి. ఏడు శనివారాల వెంకన్న ఊరంటే కోనసీమలో తెలియనివారు ఉండరు. ఏడు శనివారాలు విడవకుండా వచ్చి, వచ్చినప్పుడల్లా గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేస్తే అనుకున్నది నెరవేరుతుందని నమ్మకం. ఉద్యోగం కోసం, పిల్ల పెళ్ళి కోసం, సంతానం కోసం, ఇంట్లోవాళ్ళ జబ్బు నయం కావాలని మొక్కుకుని ఎంతెంత దూరాల నుంచో జనం వస్తారు.

అంతరిక్షం గురించి రాసిన కాల్పనిక సాహిత్యంలో దేవుడి మీద నమ్మకం, దేవుడి మీద సందేహం ఎలా కనిపిస్తాయో ఈ ప్రసంగంలో మాట్లాడుకుందాం. దూరంగా ఎక్కడో మొదలుపెట్టకుండా మన మొక్కు దగ్గరే మొదలుపెడదాం.

ఒక ఊహ చేయండి. కోనసీమ అమ్మాయి ఒకామె వ్యోమగామి అయింది. అంగారక గ్రహం మీద పనిచేస్తోంది. ఇక్కడ ఊళ్ళో తల్లికి జబ్బు చేసింది. రావడానికి వీల్లేదు, నెలల తరబడి ప్రయాణం. ఆమె అక్కడే ఏడు శనివారాలు మొక్కుకుంది. ఆ శనివారాన్ని ఆమె ఎలా లెక్కపెట్టాలి? అంగారకుడి మీద ఒక పగలూ ఒక రాత్రీ కలిపి 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. అంటే 36, 37 రోజులు గడిచేసరికి మన క్యాలెండరుకూ ఆమె చూసే సూర్యోదయాలకూ ఒక పూర్తి రోజు తేడా వచ్చేస్తుంది. ఏడు వారాలంటే 49 రోజులు. మొక్కు తీరకముందే శనివారం చేతిలోంచి జారిపోతుంది. ఊళ్ళో పంతులుగారిని అడుగుదామంటే, ఆమె మాట భూమికి చేరడానికే రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి 3 నిమిషాల నుంచి 22 నిమిషాల దాకా పడుతుంది. జవాబు రావడానికి మళ్ళీ అంత.

పోనీ ఏకాదశి చూసుకుందామంటే, మన తిథులన్నీ చందమామ నడక మీద ఆధారపడ్డవి. అంగారకుడికి చందమామలు రెండు. వాటిలో ఫోబోస్ అనేది ఆ గ్రహాన్ని ఒకసారి చుట్టి రావడానికి 7 గంటల 39 నిమిషాలు చాలు. ఇక గోదావరి పుష్కరం సంగతి. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు మనకు పుష్కరం. 2015లో వచ్చింది, మళ్ళీ 2027లో వస్తోంది. బృహస్పతి సూర్యుణ్ణి చుట్టి రావడానికి దాదాపు పన్నెండేళ్ళు పడుతుంది కనుక పుష్కరమూ పన్నెండేళ్ళకోసారే. కానీ అది భూమి మీద నిలబడి చూసేవాళ్ళ లెక్క. అంగారకుడి మీద నిలబడి చూస్తే, అదే రోజున బృహస్పతి మనకు కనిపించిన రాశిలోనే కనిపించాలన్న నియమం లేదు.

ఇలాంటి ప్రశ్న నిజంగానే ఒకరికి ఎదురైంది. 2007 అక్టోబరులో, రంజాన్ నెలలో, మలేషియా వ్యోమగామి షేక్ ముస్జఫర్ షుకోర్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళారు. ఆ కేంద్రం గంటన్నరకోసారి భూమిని చుట్టి వస్తుంది. రోజుకు 16 సూర్యోదయాలు. రోజుకు ఐదు నమాజులు చేసే మనిషి ఏ సూర్యోదయాన్ని లెక్కలోకి తీసుకోవాలి? క్షణక్షణమూ దిక్కు మారిపోయే చోట మక్కా ఎటు? మలేషియా మతపెద్దలు కూర్చుని, ఆలోచించి, ఒక మార్గదర్శిని తయారుచేశారు. రాకెట్టు ఎక్కడ నుంచి బయలుదేరిందో అక్కడి వేళలనే పాటించమన్నారు. దిక్కు విషయంలో వీలైనంత వరకు చూడమన్నారు. ఆ పెద్దలు ప్రశ్నను తప్పుపట్టలేదు. అడిగినవాడి భక్తిని శంకించలేదు. ప్రశ్న వచ్చింది కనుక జవాబు వెతికారు. నాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది అందుకే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నమ్మకమూ సందేహమూ ఒకే మనిషిలో, ఒకే గుండెలో కలిసి ఉండగలవు. అంతరిక్ష కథల్లో గొప్పవన్నీ అలాంటి మనిషిని చూపించినవే. మన తెలుగు సాహిత్యానికి కూడా ఆ మనిషి కొత్తవాడు కాదు. మన అంతరిక్ష కథల్లోకే అతను ఇంకా సరిగా రాలేదు.

కొత్తవాడు కాదని ఎందుకంటున్నానంటే, పోతనగారి గజేంద్రుణ్ణి తలచుకోండి. మొసలి పట్టులో బలమంతా ఉడిగిపోయి, దేవుణ్ణి పిలుస్తూ పిలుస్తూ, మధ్యలో ఆ దేవుడు అసలు ఉన్నాడా అని అడిగేస్తాడు. అడిగినందుకు విష్ణువు కోపగించుకుని ఆగిపోలేదు. ఉన్నపళాన బయలుదేరి వచ్చాడు. ఇంకా వెనక్కి వెళితే, ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగి, పైనుంచి చూస్తున్నవాడికైనా ఆ సంగతి తెలుసో లేదో అన్నచోట ఆగుతుంది. ఆ ఆగడంలో అవిశ్వాసం లేదు. తెలియనిదాని ముందు నిజాయితీ ఉంది.

ఇప్పుడు ప్రపంచ సాహిత్యంలో కొన్ని కథలు చూద్దాం. ఆర్థర్ సి. క్లార్క్ 1955లో 'ది స్టార్' అనే చిన్న కథ రాశారు. మరుసటి ఏడు దానికి హ్యూగో పురస్కారం వచ్చింది. కథ చెబుతున్నది ఒక జెసూట్ సన్యాసి. ఆయన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త కూడా. ఎప్పుడో పేలిపోయిన ఒక నక్షత్రాన్ని పరిశీలించడానికి వాళ్ళ నౌక వేల కాంతి సంవత్సరాల దూరం వెళ్ళింది. ఆ నక్షత్రం చుట్టూ ఒకప్పుడు మనుషుల్లాంటి జాతి ఒకటి బతికింది. తమ సూర్యుడు పేలిపోతాడని వాళ్ళకు ముందే తెలుసు. తప్పించుకునే దారి లేదు. అందుకని మంటలు చేరని చివరి గ్రహం మీద ఒక భాండాగారం కట్టి, తమ పాటలు, బొమ్మలు, పుస్తకాలు, సముద్రపుటొడ్డున ఆడుకుంటున్న పిల్లల దృశ్యాలు, అన్నీ అందులో దాచుకున్నారు. ఎవరైనా వచ్చి చూస్తారని, తమను తలుచుకుంటారని ఆశ. నౌకలోని వాళ్ళు అవన్నీ చూశారు. ఆ సన్యాసి ఆ పేలుడు ఎప్పుడు జరిగిందో, దాని వెలుగు భూమికి ఎప్పుడు చేరిందో లెక్కకట్టాడు. బెత్లెహేము మీద వెలిగిన నక్షత్రం అదే.

డిసెంబరు వస్తే మన కోనసీమ ఊళ్ళలో క్రైస్తవుల ఇళ్ళ మీద కాగితం నక్షత్రాలు వేలాడతాయి. లోపల దీపం పెట్టి, గడపకు ఎదురుగా కడతారు. ఆ నక్షత్రాన్ని చూస్తూ ఈ కథ చదివితే మనసు బరువెక్కుతుంది. ఒక లోకానికి శుభవార్త చెప్పడానికి ఇంకో లోకాన్ని కాల్చవలసి వచ్చిందా? క్లార్క్ దేవుణ్ణి నమ్మే రచయిత కాదు. అయినా ఆయన ఆ ప్రశ్నను ఒక నాస్తికుడి నోట పెట్టలేదు. నమ్మినవాడి నోటే పెట్టాడు. అందుకే అది బాధగా వినిపిస్తుంది, వాదనలా వినిపించదు. ఆ సన్యాసి తన గది గోడ మీది సిలువను తీసి పారేయలేదు. దాన్ని చూస్తూ జవాబు కోసం తడుముకుంటాడు. నమ్మకం లేనివాడికి ఆ లెక్క ఒక అంకె. నమ్మినవాడికి అది గుండెకోత.

రెండో కథ కార్ల్ సేగన్ రాసిన 'కాంటాక్ట్'. నవల 1985లో వచ్చింది, సినిమా 1997లో. ఎలీ ఆరోవే అనే శాస్త్రవేత్త రుజువు లేనిదేదీ ఒప్పుకోదు. దేవుణ్ణి నమ్మే పామర్ జాస్ అనే అతనితో ఆమెకు ఎడతెగని వాదం. దూరపు నక్షత్రం నుంచి వచ్చిన సంకేతాల ఆధారంగా ఒక యంత్రం కడతారు. సినిమాలో ఆమె ఆ యంత్రంలో కూర్చుని వేరే లోకాన్ని చూసి వస్తుంది. బయట ఉన్నవాళ్ళకు మాత్రం ఆమె ఎక్కడికీ వెళ్ళినట్టే లేదు, క్షణంలో అయిపోయింది. ఇన్నాళ్ళూ అందరినీ రుజువు అడిగిన మనిషి, తాను చూసినదానికి రుజువు చూపించలేక విచారణ సంఘం ముందు నిలబడుతుంది.

ఇది చూసినప్పుడు నాకు యశోద గుర్తొచ్చింది. మన్ను తిన్నావా అని కృష్ణుడి నోరు తెరిపించిన యశోదకు అందులో బ్రహ్మాండమంతా కనిపిస్తుంది. భాగవతంలో ఆమె ఆ వెంటనే చేతులెత్తి మొక్కదు. మొదట సందేహపడుతుంది. కలగన్నానా, మాయా, నా బుద్ధి సరిగా ఉందా, అసలు నేను యశోదనేనా అని ఒక్కొక్కటే పరీక్షించుకుంటుంది. ప్రయోగశాలలో వింత ఫలితం వచ్చినప్పుడు శాస్త్రవేత్త చేసేది సరిగ్గా అదే: ముందు పరికరాన్ని అనుమానించాలి, తరవాత తన కంటిని, తరవాత తన తెలివిని. ఐదువందల ఏళ్ళ కిందట ఒక తెలుగు కవి, దేవుడి తల్లి చేతనే ఆ పని చేయించాడు. ఎలీ ఆరోవేకి మన ఇంట్లోనే ఒక అక్క ఉంది.

మా వాడపల్లి స్థలపురాణంలోనూ అలాంటి ఘట్టం ఒకటుంది. గోదావరిలో ఒక చందన వృక్షం కొట్టుకు వస్తూ ఊరివాళ్ళకు కనబడేదట. ఒడ్డుకు చేర్చుదామని దగ్గరికి వెళితే మాయమయ్యేదట. చివరికి ఒక ముసలి బ్రాహ్మణుడికి కలలో ఆనవాలు తెలిసి, గరుడపక్షి వాలిన చోట వెతికితే దొరికిందని చెబుతారు. కథలోని ఊరివాళ్ళు తాము చూసినదాన్ని నమ్మారు, కానీ చేతికి అందుకోలేకపోయారు. ఎంతకాలం అలా గడిపారో, ఆ మధ్యకాలంలో ఎంతమంది "అబ్బే, మీ భ్రమ" అని ఉంటారో స్థలపురాణం చెప్పదు. ఆ మధ్యకాలమే కథారచయితకు పుట్టినిల్లు. కనిపించీ అందని కాలంలో మనిషి ఏం చేశాడన్నదే అసలు కథ.

మూడోది రోజర్ జెలాజ్నీ రాసిన 'లార్డ్ ఆఫ్ లైట్'. 1967లో వచ్చింది. ఇది మన దేవుళ్ళ పేర్లతో నడిచిన నవల. దూరపు గ్రహానికి వలస వెళ్ళిన నౌకలోని సిబ్బంది తమ యంత్రశక్తితో కొత్త దేహాలు తొడుక్కుంటూ చావు లేకుండా బతుకుతారు. మన దేవతల పేర్లు, ఆయుధాలు పెట్టుకుంటారు. అదే నౌకలో వచ్చిన ప్రయాణికుల వారసులకు అచ్చుయంత్రం కూడా అందనివ్వకుండా అణచిపెట్టి, పూజలు చేయించుకుంటారు. వాళ్ళలో ఒకడు శామ్ అనేవాడు తిరగబడతాడు. బుద్ధుడి బోధనలను ఆయుధంగా తీసుకుంటాడు. మన దేవుళ్ళను దుర్మార్గులుగా చూపించాడని మొదటిసారి చదివినవాళ్ళకు మనసు నొచ్చుకోవచ్చు. కానీ జెలాజ్నీ సందేహం దేవుడి మీద లేదు. దేవుడి పేరు చెప్పి మనుషుల మీద పెత్తనం చేసేవాళ్ళ మీద ఉంది.

ఈ విషయం వాడపల్లి వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. 1931లో, స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో, మా స్వామి రథం మీద గాంధీగారి పటం పెట్టారు. పోలీసులు అభ్యంతరం చెప్పారు. జనం తగ్గలేదు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. దేవుడి రథం మీద ఏ బొమ్మ ఉండాలో తానే నిర్ణయిస్తానని అధికారం అనుకుంది. భక్తులు ఒప్పుకోలేదు. భక్తి అంటే తలవంచడమే అనుకునేవాళ్ళు ఆ రోజును ఒకసారి తలచుకోవాలి.

ఇంకా జేమ్స్ బ్లిష్ 'ఎ కేస్ ఆఫ్ కాన్షెన్స్' ఉంది. దేవుడి ఊసే తెలియకుండా, పాపమన్నది లేకుండా బతికే గ్రహాన్ని చూసి ఒక మతగురువు కంగారుపడే కథ. స్తానిస్లావ్ లెమ్ 'సొలారిస్' ఉంది. ఒక గ్రహాన్నంతా కప్పిన, ఆలోచించే సముద్రం ముందు మనిషి తెల్లబోయే కథ. వీలైనవాళ్ళు తప్పకుండా చదవండి.

మరి మన దగ్గర ఏముంది? కోనసీమలోని ముంగండలో పుట్టిన మహీధర నళినీమోహన్‌గారు సైన్సును పల్లెటూరి పిల్లవాడికి కూడా అర్థమయ్యే తెలుగులో చెప్పారు. 'గ్రహణాల కథ', 'కాలెండర్ కథ', 'పిడుగు దేవర కథ' చదవండి. గ్రహణం గురించి, పిడుగు గురించి తాతముత్తాతలు అనుకున్నదాన్ని ఆయన వెక్కిరించరు. దాన్నే మొదటి మెట్టు చేసుకుని సైన్సులోకి చెయ్యి పట్టుకుని తీసుకువెళతారు. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్‌గారు 'తులసిదళం'లో ఒక పాప ప్రాణం చుట్టూ చేతబడిని, వైద్యాన్ని పక్కపక్కన నిలబెట్టారు. ఆయనే 'చీకట్లో సూర్యుడు' అనే అంతరిక్ష నవల కూడా రాశారు. నమ్మకాన్నీ సందేహాన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టే సత్తా ఉన్న రచయితలు, అంతరిక్షం వైపు చూసిన రచయితలు ఈ గోదావరి పాయల మధ్యనే పుట్టారు.

సినిమాల్లో 2018లో 'అంతరిక్షం' వచ్చింది. 2024లో నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. కురుక్షేత్రం నుంచి భవిష్యత్తులోని కాశీ దాకా సాగే కథ అది. తెలుగు తెర మీద అంత పెద్ద ఊహ వచ్చినందుకు నేను ఎంతో సంతోషించాను. ఒక్క వెలితి మాత్రం మనసులో ఉండిపోయింది. మొదటి దృశ్యంలోనే కృష్ణుడు అశ్వత్థామను శపించడం మనకు చూపించేశారు. ఇక పురాణం నిజమా కాదా అన్న ప్రశ్న ప్రేక్షకుడికి లేదు. కనబడుతున్న దేవుణ్ణి నమ్మడానికి ధైర్యం అక్కరలేదు. ఏమీ కనబడని చోట, ఆరువేల ఏళ్ళుగా ఎవరూ రాని చోట, ఒక ముసలమ్మ రోజూ దీపం పెడుతోందనుకోండి. ఆమె మనవడు, "ఎందుకమ్మమ్మా, ఎవరొస్తారు?" అని అడిగాడనుకోండి. ఆ ఇద్దరి మధ్య మాటలు వినాలని నాకు ఆశగా ఉంది.

ఆ మాటలు మన రాష్ట్రంలో నిజజీవితంలో రోజూ నడుస్తూనే ఉన్నాయి. శ్రీహరికోట మన గడ్డ మీదే ఉంది. ప్రయోగానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలు రాకెట్టు నమూనాను తిరుమలకు తీసుకువెళ్ళి పూజ చేయిస్తారు. సూళ్ళూరుపేట చెంగాళమ్మను దర్శించుకుంటారు. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరే ముందు కూడా అలాగే చేశారు. ప్రతిసారీ వాదోపవాదాలు రేగుతాయి. సైంటిస్టులకు పూజలేమిటని కొందరు, చూశారా దేవుడే గెలిపించాడని కొందరు.

ఇద్దరూ వదిలేస్తున్న సంగతి ఒకటుంది. 2019లో చంద్రయాన్-2కు ముందూ తిరుమలలో పూజ జరిగింది. ఆ సెప్టెంబరు 7న విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. అప్పుడు శాస్త్రవేత్తలు ఏం చేశారు? పూజ ఫలించలేదని గుడికి వెళ్ళడం మానలేదు. పూజ చేశాం కదా అని లెక్కలు చూడడమూ మానలేదు. తమ పనిలో ఏది చెడిపోవచ్చో ఒక్కొక్కటిగా రాసుకున్నారు. ఇంజను సరిగా పనిచేయకపోతే? కొలిచే పరికరం తప్పు చెబితే? అనుకున్న చోట దిగలేకపోతే? ఏది విఫలమైనా తట్టుకునేలా చంద్రయాన్-3ను మలిచారు. కాళ్ళు గట్టిపరిచారు. ఇంధనం పెంచారు. వేగాన్ని కొలిచే కొత్త పరికరం పెట్టారు. దిగే చోటు అంతకు ముందు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. దాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ క్షేమంగా దిగింది.

ఆలోచించండి. తమ చేతిపని మీద అణువణువునా సందేహపడిన మనుషుల్లోనే, చెంగాళమ్మ ముందు కొబ్బరికాయ కొట్టినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఎవరూ రెండు ముక్కలైపోలేదు. దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళు కూడా అదే బృందంలో, అదే శ్రద్ధతో పనిచేసి ఉంటారు. ఆ బృందం గడిపిన నాలుగేళ్ళలో ఎన్ని కథలు ఉన్నాయో! వాటిని మన రచయితలు ఇంకా ముట్టుకోలేదు.

అందుకని ఈ ప్రసంగం వింటున్న యువ రచయితలకు నా మనవి. అంతరిక్షం గురించి తెలుగులో రాయండి. పురాణంలోని ఆయుధాలకు కొత్త పేర్లు పెట్టి యుద్ధం చేయించడం దగ్గర ఆగిపోకండి. ముందు లెక్కలు నేర్చుకోండి. అంగారకుడి మీద పొద్దు ఎంతో, మాట చేరడానికి ఎంతసేపు పడుతుందో తెలిస్తే, అక్కడ మొక్కుకున్న మనిషి కష్టం ఏమిటో మీకు తెలుస్తుంది. నమ్మే పాత్రను అమాయకుడిగా చూపించకండి. సందేహించే పాత్రను చివరి పేజీలో గుడి మెట్ల మీద కూలబడేసి ఓడించకండి. ఇద్దరికీ సమానమైన తెలివి ఇవ్వండి, సమానమైన బాధ ఇవ్వండి. వీలైతే ఇద్దరినీ ఒకే మనిషిని చేయండి.

పెద్దలకు, ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. ఇంట్లో పిల్ల "దేవుడు చంద్రుడి మీద కూడా ఉంటాడా?" అని అడిగితే, "తప్పు, అలా అడగకూడదు" అనకండి. "అదంతా ఉత్తిదే" అని కొట్టిపారేయకండి. గజేంద్రుడి కథ చెప్పండి, యశోద కథ చెప్పండి, చంద్రయాన్-2 ఎందుకు కూలిందో, చంద్రయాన్-3 ఎలా దిగిందో చెప్పండి. తరవాత ఆ పిల్లను తన జవాబు తనే వెతుక్కోనివ్వండి. అలా పెరిగిన పిల్లలే రేపు మన రాకెట్లు కడతారు, మన కథలు రాస్తారు. ప్రశ్నకు భయపడని భక్తి, భక్తిని చిన్నచూపు చూడని ప్రశ్న, రెండూ ఉన్న సాహిత్యం మన భాషలో రావాలని మనసారా కోరుకుంటున్నాను.